ఏడో లాకు ఊట

నవమి

పొద్దున్న మైకులో బులెటిన్ చదివాను. పోటు బలహీనంగా ఉంది. పదకొండు లాకులూ మూసే ఉన్నాయి. మంచినీళ్ళు మనిషికి ఎనిమిది లీటర్లు, మార్పు లేదు. ఆయుధ పూజ కోసం యంత్రం గది మధ్యాహ్నం దాకా ఆగుతుంది. ఈ చివరి వాక్యం ఏటా చదివేదే. సగం చంద్రుడి రోజుల్లో సముద్రం పెద్దగా ఎగబడదు కాబట్టి అప్పుడు యంత్రాన్ని ఆపినా నష్టం లేదని కట్ట మీద బతికే అందరికీ తెలుసు. మేం తేదీలు వదిలేసి తిథులు వాడుతున్నదీ అందుకే.

పూజకి వెళ్ళాను. గునపాలు, తెడ్లు, వెల్డింగు సెట్టు, వల అల్లే సూదులు, నా మైకు, అన్నీ వరసగా పెట్టారు. నేను ఆదివారం చర్చికి వెళ్ళేవాణ్ణి. అయినా మైకుకి బొట్టు పెట్టకపోతే యంత్రం గది అసిస్టెంటు మావుళ్ళు ఊరుకోడు.

“దానియేలు గారండీ, మీరు ఏ దేవుణ్ణన్నా నమ్ముకోండి. మైకు మాత్రం ఊరందరిదండి.”

చివర యంత్రం గదికి వచ్చారు. లాకుల లెక్కలు దాచే ఆరు డిస్కుల్నీ మావుళ్ళు అరల్లోంచి తీశాడు. అరిటాకు మీద పడుకోబెట్టి, తడిగుడ్డతో తుడిచి, ఒక్కోదానికీ పసుపు రాసి కుంకం పెట్టాడు. కొత్త డిస్కులు తయారు కావడం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. వాటికి మా ఊళ్ళో జరిగే మర్యాద పెళ్ళికొడుకులకి కూడా జరగదు.

మధ్యాహ్నం దాటాక యంత్రం మొదలవ్వలేదని కబురొచ్చింది. కారణం ఇంకా తెలియదు.

దశమి

కారణం తెలిసింది. యంత్రం గది ఇంచార్జి సుభాషిణి గారు చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

మా యంత్రం లైనక్స్ మీద నడిచే పాత కంప్యూటరు. సమాచారాన్ని ముక్కలు చేసి ఆరు డిస్కుల మీద పరుస్తుంది. ఏ రెండు డిస్కులు చచ్చినా, మిగిలిన నాలుగింటి నుంచి పోయిన ముక్కల్ని లెక్కగట్టి తీయవచ్చు. మూడోది పోతే లెక్క కుదరదు. ఏ డిస్కు వరసలో ఎన్నోదో ఆ డిస్కు తలలోనే రాసి ఉంటుంది. కాబట్టి పూజ తర్వాత ఏ అరలో దూర్చినా యంత్రం గుర్తుపట్టి సర్దుకుంటుంది. పైన పెన్నుతో రాసిన అంకెలు ఎన్ని పూజల కిందట తుడుచుకుపోయాయో అందుకే ఎవరికీ గుర్తులేదు.

నిన్న రెండు డిస్కులు తిరగలేదు. ఏళ్ళ తరబడి ఆగకుండా తిరిగిన పాత డిస్కుని ఒక పూట చల్లారనిస్తే మళ్ళీ లేవకపోవచ్చట. మూడోదాన్ని తగిలించే కొక్కెంలో పసుపు ముద్ద ఇరుక్కుంది. మావుళ్ళు దాన్ని శుభ్రం చేసి పెట్టాడు గానీ, ఆలోపు అది మిగతావాటికంటే కాస్త వెనకబడిందని యంత్రం చేర్చుకోలేదు. ‘ఫర్వాలేదు, చేర్చుకో’ అని గట్టిగా చెప్పే ఆదేశం ఒకటుంది. అది కొడితే సరిపోయేది. సుభాషిణి గారు నిన్న పదకొండో లాకు దగ్గర ఉన్నారు. ఇవాళ వచ్చి మావుళ్ళుని నిలదీశారు.

“ఎవర్ని అడిగి ముట్టుకున్నావు?”

“మీరొచ్చేలోపు సరిచేసేద్దారనండి.”

“చేశావా?”

“లేదండి.”

“ఏం కొట్టావో చెప్పు.”

“క్రియేట్ అనండి. బతికున్న నాలుగూ పెట్టి, పోయిన రెండిటి చోటా ‘లేదు’ అని రాసేనండి.”

క్రియేట్ అంటే కొత్తగా కట్టడం. డిస్కుల తలల్లో ఉన్న పాత వరస పోయి, మావుళ్ళు ఎలా పెట్టాడో ఆ వరస ఎక్కింది. అది అసలు వరస కాదు. లోపల సమాచారం చెరిగిపోలేదు, కానీ ఏ ముక్క తర్వాత ఏది చదవాలో తెలియదు.

“ఆ రెండిటి చోటా ‘లేదు’ అని రాశావు చూడు, అదొక్కటే నయం. వాటి చోట ఇంకేవైనా పెట్టుంటే ఈపాటికి అంతా చెరిగిపోయేది” అన్నారు ఆవిడ.

లాకు సూపర్నెంటు తాతారావు గారు వచ్చారు. పెద్దాయన. నోరు పెద్దది, మాటలో నాజూకు తక్కువ.

“ఏరా మావుళ్ళూ, దేవుడికి డిస్కులు నైవేద్యం పెట్టేసేవంట!”

“ఆయ్.”

“ఆయ్ ఏటి, ఆయ్! పున్నానికి ఊట ఎంతో నీ తాత చెప్తాడా?”

ఈ ఊట సంగతి ముఖ్యం. లాకు తలుపు వేస్తే సముద్రం ఆగుతుంది. కానీ పెద్ద పోటు వచ్చినప్పుడు కట్ట అడుగునుంచి నీరు ఊరి లోపలి కాలువలోకి వస్తుంది. ఏ లాకు దగ్గర ఎంత ఊరుతుందో ముందే తెలిస్తే, పోటుకి ముందు కాలువని అంతమేర దించి చోటు ఉంచుతారు. తక్కువ దించితే కాలువ పొంగి ఇళ్ళలోకి వస్తుంది. ఎక్కువ దించితే ఇంకో ఆపద. ఊట నీరు ఉప్పన. నిండు కాలువలో కలిస్తే నాలుక్కి తెలియదు, వట్టిపోయిన కాలువలో కలిస్తే తాగలేం. వానాకాలం అయిపోయింది. ఇప్పుడు పోగొట్టుకున్న నీరు మళ్ళీ జ్యేష్ఠం దాకా రాదు. ఆ అంకెలు పోటు పోటుకీ కొలిచి డిస్కుల్లో దాస్తారు. ఇంకో దారిలో తెలియవు.

నకలు ఉంది. వానలకు ముందుది. ఆ తర్వాత నకలు తీసే పని ఆగిపోయింది, ఎవరూ చూసుకోలేదు. ఏటా వరద కట్ట అడుగుని కదిపేస్తుంది కాబట్టి ఆ అంకెల్ని నమ్మలేం.

అన్నిటికంటే పల్లంలో ఉన్నది ఏడో లాకు. దాని పక్క పేటని పల్లంపేట అనే అంటాం. మావుళ్ళు ఇల్లు అక్కడే.

బులెటిన్‌లో ఇదంతా చదివాను. మావుళ్ళు పేరు చదవలేదు. చదవక్కర్లేదు కూడా, మధ్యాహ్నానికే అందరికీ తెలుసు.

ఏకాదశి

అసలు డిస్కుల మీద ప్రయోగాలు చేయకూడదని సుభాషిణి గారు తేల్చారు. ముందు నాలుగింటినీ ఉన్నవి ఉన్నట్టు వేరే డిస్కుల మీదికి ఎత్తాలి. తర్వాత ఆ నకళ్ళ మీదే వరసలు మార్చి చూడాలి. అంత పెద్ద డిస్కులు ఊళ్ళో ఒకరి దగ్గరే ఉన్నాయి, టాకీసు పేర్రాజు గారి దగ్గర. ఊళ్ళో మిగిలిన సినిమాలన్నీ వాటి మీదే ఉన్నాయి. నేనూ వెళ్ళాను.

“అవి చెరిపేత్తే పున్నానికి నేనేం ఆడించమంటారండీ?” అన్నాడు పేర్రాజు.

“పున్నానికి నీ టాకీసులో చేపలు ఆడతాయి. టిక్కెట్టు పెట్టుకో” అన్నారు తాతారావు గారు.

“టాకీసు మెరక మీదుంది సూపర్నెంటు గారూ. మాకు రాదు నీరు.”

“చూసేవాళ్ళు పల్లంలో ఉన్నారు కదా పేర్రాజు గారూ” అన్నారు సుభాషిణి గారు.

పేర్రాజు లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. ఇవ్వడేమోనని తాతారావు గారు నా వైపు చూశారు. చివరికి నాలుగు డిస్కులు తువ్వాల్లో చుట్టి తెచ్చాడు.

“ఒక్క దాంట్లో మా అమ్మాయి పెళ్ళి కూడా ఉందండి. అల్లుడు ఎలాగూ బాలేదు, చెరిపేయండి.”

సాయంత్రానికి ఎత్తడం మొదలైంది.

ద్వాదశి

మూడు డిస్కులు తేలిగ్గా వచ్చాయి. నాలుగోది టిక్కు టిక్కుమంటోంది. తిరిగే పలక మీద ముల్లు ఒకే చోట మళ్ళీ మళ్ళీ వెతుక్కుంటే వచ్చే చప్పుడు అది. చదివే ప్రోగ్రాం తెలివైనది. తేలిగ్గా వచ్చే భాగాలు ముందు తీసుకుని, కష్టమైన చోట్లని చివరికి వదిలేస్తుంది. రెండు డిస్కులు ముందే పోయాయి కాబట్టి, ఇప్పుడు ఇందులో ఎక్కడ చిల్లు పడినా దాన్ని పూడ్చే లెక్క మిగల్లేదు.

గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. తాతారావు గారు గుమ్మం దాకా వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు వినేసి వెళ్ళిపోయారు.

పగటిపూట సోలారు పలకల మీద ఉప్పు తుడిచే వంతు నాది. తుడుస్తుంటే మావుళ్ళు భార్య చిట్టి పడవలో వచ్చింది, భర్తకి కేరేజీ తెచ్చింది. లోపలికి రాలేదు.

“ఆయనకి ఇచ్చేయండి దానియేలు గారూ. నేనొత్తే ఇక్కడే తిట్టేత్తాను.”

“ఏమన్నా చెప్పమంటావా?”

“మంచాలు ఎత్తాలో అక్కర్లేదో చెప్పమనండి చాలు. పేటలో అందరూ నన్నే అడుగుతున్నారు, నేనేదో ఆ పెట్టిలో కాపరం ఉన్నట్టు.”

బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని ఎగువ నుంచి కబురొచ్చింది. పున్నమి పోటుకి ఇది కలుస్తుందో లేదో తెలియదు. తెలియదనే బులెటిన్‌లో చదివాను.

త్రయోదశి

నాలుగో డిస్కు చప్పుడు ఆగిపోయింది. అంటే చచ్చిపోయింది. దాదాపు అంతా వచ్చాకే పోయిందని సుభాషిణి గారు అన్నారు. ‘దాదాపు’ అంటే ఎంత అని అడిగాను. వరస దొరికేదాకా చెప్పలేనన్నారు.

నాలుగు డిస్కులు, ఆరు స్థానాలు. మూడు వందల అరవై రకాలుగా పెట్టవచ్చు. ఒక చిన్న ప్రోగ్రాం రాసి, ఒక్కో వరసా కట్టి, లోపల ఫైళ్ళ అమరిక కనిపిస్తుందేమో చూసి, విప్పి, మళ్ళీ కట్టేలా ఏర్పాటు చేశారు. నకళ్ళ మీద కూడా నేరుగా రాయనివ్వలేదు. బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి గీసినట్టు, రాతలన్నీ పక్కకి పోయేలా చేశారు. తప్పయితే కాగితం తీసేస్తే సరి.

మధ్యాహ్నానికి మూడు వందల అరవయ్యీ అయిపోయాయి. ఒక్కటీ కుదరలేదు.

సుభాషిణి గారు మళ్ళీ మొదటినుంచి నడిపారు. మళ్ళీ ఒక్కటీ కుదరలేదు. ఆవిడ లేచి బయటికి వెళ్ళి కట్ట మీద నిలబడ్డారు. తాతారావు గారు ఎదురొచ్చి ఏమీ అడక్కుండానే వెనక్కి తిరిగారు. పల్లంపేట ఖాళీ చేయించాలా వద్దా అని రేపు పొద్దున్నే తేల్చాలి. పెళ్ళికొడుకులకి పెట్టినట్టు డిస్కులకి బొట్లు పెట్టిన మావుళ్ళు గది మూలన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇంటినుంచి వచ్చిన కేరేజీ విప్పలేదు.

నాకు అక్కడ పనేమీ లేదు. పని లేనప్పుడు నేను చేసేది ఒకటే, జరిగినదాన్ని మొదటినుంచి అడిగి రాసుకోవడం. మావుళ్ళు పక్కన కూర్చున్నాను.

“నవమి నాడు క్రియేట్ ఎక్కడ కొట్టావు? ఇదే కుర్చీలోనా?”

“కాదండి. ఈ మిషన్ లేవలేదు కదండీ. బడిలో ఉన్న మిషన్ తెచ్చి తగిలించేనండి.”

“బడి మిషన్ పాతదా, కొత్తదా?”

“కొత్తదండి. మొన్న వేసంగిలో అంతా కొత్తగా ఎక్కించేం కదండీ.”

సుభాషిణి గారు ఎప్పుడు లోపలికి వచ్చారో గుమ్మంలో ఉన్నారు.

“నేను కూడా వరసలన్నీ ఆ మిషన్ మీదే నడిపాను” అన్నారు.

ఆవిడ చెప్పినది ఇది. డిస్కు తల తర్వాత కొంత జాగా వదిలి అక్కడినుంచి సమాచారం మొదలుపెడతారు. ఈ ఆరింటినీ మొదట కట్టినవాళ్ళ పాత ప్రోగ్రాం కొంచెమే వదిలేది. ఇప్పటి ప్రోగ్రాం చాలా ఎక్కువ వదులుతుంది. కాబట్టి మూడు వందల అరవై వరసల్లో సరైనది ఒకటి ఉన్నా, ప్రతిసారీ పుస్తకాన్ని మధ్య పేజీలో తెరిచి ‘మొదటి పేజీ లేదు’ అనుకున్నట్టయింది.

“నేను చూసుకోవాల్సింది” అన్నారు. కూర్చుని సమాచారం మొదలయ్యే చోటుని పాత ప్రోగ్రాం లెక్కకి మార్చారు.

పొద్దు వాలకముందే ఒక వరస కుదిరింది. తెర మీద మామూలు ఫైళ్ళ పేర్లు వచ్చాయి. మావుళ్ళు చూసి ఏడ్చాడు. సుభాషిణి గారు ముక్కు చీదుకోమని తన చీర కొంగు కాకుండా యంత్రం తుడిచే గుడ్డ ఇచ్చారు.

చతుర్దశి

పది లాకుల అంకెలు వచ్చాయి. ఏడో లాకుది రాలేదు.

నాలుగో డిస్కు ఇవ్వకుండా పోయిన చోటు చిన్నదే. వానాకాలం తర్వాత ఏడో లాకు లెక్కలు ఆ చోటే ఉన్నాయి. ఫైలు పేరు ఉంది, తెరిస్తే లోపల సున్నాలు ఉన్నాయి. నకలులో ఉన్న పాత అంకె ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్లు.

“మిగతా లాకుల్లో ఈ ఏడు ఎంత పెరిగిందో చూసి దీనికీ అంతే వేసేద్దారి” అన్నారు తాతారావు గారు.

“రెండు లాకుల్లో తగ్గింది కూడా. ఒక దాంట్లో రెట్టింపయింది. ఏది వేస్తారు?” అన్నారు సుభాషిణి గారు.

“మీరు చెప్పండి మరి.”

“నేను చెప్పను. లేని అంకె లేదనే చెప్తాను. నేను ఒకటి రాసి పెడితే రేపటికి అది నిజమైపోతుంది, అందరూ దాన్నే నమ్ముతారు.”

తాతారావు గారికి కోపం వచ్చింది. కోపం ఎవరి మీదో ఆయనకే తెలియక కాసేపు గడప మీద కూర్చున్నారు. తర్వాత, “పల్లానికి పదండి. వాళ్ళ నీళ్ళు, వాళ్ళ గచ్చులు. వాళ్ళనే అడుగుదాం” అన్నారు.

ఏడో లాకు దగ్గర పేట అంతా చేరింది. నేను ఉన్న విషయం చదివాను. పాత అంకె ముప్ఫై ఎనిమిది. ఇప్పటిది తెలియదు. అరవై దించితే ఇళ్ళు పొడిగా ఉండొచ్చు, నీళ్ళు మాత్రం జ్యేష్ఠం దాకా తాగడానికి పనికిరాకపోవచ్చు. నలభై దించితే నీళ్ళు నిలవొచ్చు, ఇళ్ళలోకి రావొచ్చు. ఎంతవరకో చెప్పలేం. వాయుగుండం దిశ ఇంకా తేలలేదు.

“అన్నీ ‘వొచ్చు’లే. ఒక్కటైనా ‘వత్తాది’ లేదా దానియేలు గారూ మీ కాగితంలో?” అన్నాడు వెనకనుంచి ఎవరో.

“పున్నం వత్తాది” అన్నాడు ఇంకొకడు. కొందరు నవ్వారు.

చిట్టి ముందుకొచ్చింది. భర్త వైపు చూడలేదు.

“సూపర్నెంటు గారండీ, గచ్చు తడిత్తే తుడుసుకుంటాం. నీళ్ళు ఉప్పయిపోతే దేంతో తుడుసుకుంటాం? నలభయ్యే దించండి. పిల్లల్నీ ముసలోళ్ళనీ మెరకెక్కించేత్తాం, బియ్యం ఎక్కించేత్తాం. ఇంకేం కావాలి?”

“మంచాలో?” అని ఎవరో అడిగారు.

“మంచాలు మా ఆయన మోత్తాడు. ఊరందరివీ.”

ఒప్పుకోనివాళ్ళు కూడా ఉన్నారు. పక్షవాతంతో మంచంలో ఉన్న తండ్రిని కదపలేనని ఒకాయన, పోటు చీకట్లోనే మొదలైతే పిల్లలతో ఎలాగని ఇంకొకామె. వాదన గంటకు పైగా సాగింది. చేతులెత్తించి లెక్కపెట్టాను. నలభైకే ఎక్కువ చేతులు లేచాయి. పక్షవాతం తండ్రిని నలుగురు పడవలోకి ఎత్తారు. మొదటి చెయ్యి వేసింది మావుళ్ళు.

బులెటిన్‌లో చదివాను: పల్లంపేట వాసులు ఈ సాయంత్రంలోగా మెరకకి రావాలి. కాలువ నలభై దించుతున్నారు. ఇది కొలిచిన అంకె కాదు, ఎంచుకున్న అంకె.

ఈ ఉద్యోగంలో ఇలాంటి వాక్యం ఇంతకుముందు చదవలేదు. చదివాక మైకు ఆపడం మరిచిపోయి, నా దగ్గు ఊరంతా వినిపించింది.

పూర్ణిమ

తెల్లారాక పోటు మొదలైంది. వాయుగుండం ఉత్తరానికి పోయిందని కబురు. గాలి మాత్రం ఉంది.

పది లాకుల కాలువలు యంత్రం చెప్పిన చోటికి అటూ ఇటూగా వచ్చి ఆగాయి. మేమంతా ఏడో లాకు మీద ఉన్నాం. మావుళ్ళు లోపలి కాలువ కొలకర్ర దగ్గర నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాడు. పైకి రమ్మంటే రాలేదు.

“ఎంత?” అని సుభాషిణి గారు పైనుంచి అడుగుతున్నారు.

“ఇరవై అండి.”

తలుపు అవతల సముద్రం తెడ్లతో బాదినట్టు చప్పుడు చేస్తోంది. ఇవతల నీరు నిశ్శబ్దంగా పెరుగుతోంది. ఈ నిశ్శబ్దమే భయంగా ఉంది.

“ముప్ఫై ఎనిమిదండి.”

పాత అంకె దాటింది. ఆగలేదు. నలభై దగ్గర కాలువ గట్టుతో సమమైంది. నీరు గట్టు మీద పల్చగా పరుచుకుని, ఏదో వెతుక్కుంటున్నట్టు నెమ్మదిగా మొదటి సందులోకి వెళ్ళింది. వరసలో మొదటి గడప మావుళ్ళు వాళ్ళదే. తాతారావు గారు తలుపు చక్రం మీద చేతులు వేసి పట్టుకున్నారు. ఇప్పుడు ఆ చక్రంతో చేయగలిగిందేమీ లేదని ఆయనకి తెలుసు.

“నలభై ఐదండి.”

“నలభై తొమ్మిది.”

తర్వాత చాలాసేపు జవాబు రాలేదు. సుభాషిణి గారు రెండుసార్లు పిలిచారు.

“ఉండండి మేడం గారూ, అల ఉంది, నిలబడనివ్వండి.” కొంత ఆగి, “యాభై రెండండి. యాభై రెండు దగ్గరే ఆడుతుందండి. పెరగట్లేదండి.”

“మళ్ళీ చూడు.”

“యాభై రెండేనండి. ఇప్పుడు దిగుతుంది.”

ఆవిడ ఇంకో రెండుసార్లు చూడమన్నారు. తర్వాత యంత్రం గదికి నడిచారు. నేను వెంట వెళ్ళాను. ఏడో లాకు ఫైలు తెరిచి, సున్నాలున్న చోట ఈ ఏటి మొదటి అంకె రాశారు. దాన్ని బడి మిషన్ మీదికీ, టాకీసు డిస్కుల్లో ఒకదాని చివర మిగిలిన ఖాళీలోకీ ఎత్తారు. ఎత్తినవి తెరిచి, ఉన్నాయో లేవో కళ్ళతో చూశారు.

పోటు తీశాక పల్లంలోకి దిగాం. పద్నాలుగు ఇళ్ళలోకి నీరు వెళ్ళింది. చీలమండ దాకా. రెండు పొయ్యిలు కరిగిపోయాయి. ఒక మేక పోయింది. మనుషులకి ఏమీ కాలేదు. ఇంకో పన్నెండు సెంటీమీటర్లు దించి ఉంటే ఇదీ జరిగేది కాదు. అప్పుడు నీళ్ళు ఎలా ఉండేవో ఎవరూ చెప్పలేరు.

అందరూ కాలువ గట్టు మీదే నిలబడ్డారు, ఇళ్ళలోకి ముందు వెళ్ళడం లేదు. చిట్టి చీర ఎత్తి దోపుకుని మెట్టు దిగింది. దోసిట్లో నీరు తీసుకుని నోట్లో పోసుకుంది. పుక్కిలించింది. ఉమ్మలేదు.

“ఏమే?” అన్నాడు మావుళ్ళు. తడిసి వణుకుతున్నాడు. నవమి తర్వాత భార్యతో అతను మాట్లాడటం నేను వినడం ఇదే మొదలు.

ఆమె ఇంకో దోసిలి తాగింది.

“కొద్దిగా ఉప్పు కరుత్తుంది” అంది. “తాగొచ్చు. రా, మంచాలు మొయ్యాలి.”

మధ్యాహ్నం బులెటిన్: ఏడో లాకు, పున్నమి పోటు, ఊట యాభై రెండు. ఇది కొలిచిన అంకె. పల్లంపేట కాలువ నీళ్ళు తాగవచ్చు.